మా ఇంటి బీపీ మిషన్

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే మనశ్శాంతి ఉండదండి. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నా కుర్చీలో ఎవరో ఒకరు చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చుని ఉంటారు.

మాది గోదావరిఖనిలో బొగ్గుగని కంపెనీ క్వార్టరు. గోడలు పల్చన. మిషన్ కొన్న సంగతి సాయంత్రానికల్లా లైనంతా తెలిసిపోయింది.

మా బాపు పొద్దునా సాయంత్రం చూపించుకుంటాడు. బాగుంటే ఆ సంతోషంతో మిర్చి బజ్జీ తింటాడు. బాగాలేకపోతే ఆ దిగులుతో తింటాడు.

పక్క క్వార్టరు భూపాలన్నది ఇంకో గోస. ఆయన బీపీ పెరగాలి. కంపెనీ మెడికల్ బోర్డు ఆయన్ని గని పనికి అన్‌ఫిట్ అంటేనే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అందుకని ఊరగాయ నాకి, మెట్లెక్కి దిగి, పెళ్లాంతో కొట్లాడి మరీ వస్తాడు.

పట్టీ చుట్టేది, అంకెలు చదివేది మా ఆవిడ యమున. మిగతావాళ్లం చదివితే ఎవరికి కావలసిన అంకె వాళ్లం చెబుతామని లైనులో గట్టి నమ్మకం. ఛాయ్ పెట్టేదీ ఆమే.

నిన్న భూపాలన్న చెయ్యి చాపాడు.

"ఎంతొచ్చింది చెల్లె?"

"నూట ముప్పై అన్నా."

"గంతేనా! రేపే బోర్డు. ఇంకోపారి చూడు, జర గట్టిగ చుట్టు."

"గట్టిగ చుడితె పెరగదన్నా. పొద్దటి సంది నాకు తల పగుల్తాంది. జరసేపు ఒరుగుత."

"ఛాయ్ తాగు బిడ్డా, పోతది," అన్నాడు బాపు. "నాకూ ఇంత పొయ్యి."

ఈ మధ్య యమునకు అన్నీ వంకలే. చెప్పులు పట్టడం లేదని నావి వేసుకుంటోంది. నేను వట్టి కాళ్లతో కిరాణా కొట్టుకు పోతున్నాను. ఎవరైనా అడిగారా?

ఈ పొద్దున బోర్డుకు పోయే ముందు భూపాలన్న ఆఖరిసారి వచ్చాడు. యమున పట్టీ చుట్టి మీట నొక్కింది. అంకెల వైపు చూసి కళ్లు నులుముకుంది.

"ఏం కనవడ్తలేదు. మసక మసకగ ఉంది."

"మిషన్ ఖరాబైందా?" అన్నాను కంగారుగా.

"మిషన్ మంచిగనే ఉంది," అని గోడ పట్టుకుని కూలబడింది.

బాపు, భూపాలన్న, గుమ్మం బయట ఇంకో నలుగురు. అందరూ చేతులు చాపుకుని నా వైపే చూస్తున్నారు.

మీలో తెలిసినవాళ్లుంటే దండం పెడతాను, చెప్పండి: మొదటి కాన్పులో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయని, ఈ ఎనిమిదో నెలలో యమునకు రెండు పూటలా చూడమని డాక్టరమ్మ కొనిపించిన ఈ మిషన్‌లో అంకెలు ఇక ఎవరితో చదివించాలి?