గాలా, నీరా

"గాలా, నీరా?" తలెత్తకుండానే అడిగాడు థర్మన్.

జాక్సన్‌లోని రాష్ట్ర బీమా శాఖలో ఫిర్యాదుల కౌంటరు అతనిది. తుఫాను వెళ్లిన ఈ మూడు నెలలుగా వచ్చిన ప్రతివాళ్లనీ అడిగే మొదటి ప్రశ్న అదే. ఇల్లు గాలికి పోతే పరిహారం ఇవ్వాల్సింది బీమా కంపెనీ. కంపెనీ చెవి మెలిపెట్టే హక్కు రాష్ట్రానిది. నీటికి పోతే మాత్రం వరద బీమా కేంద్ర ప్రభుత్వానిది, అంటే వాషింగ్టన్ వాళ్లది, అక్కడ థర్మన్ మాట చెల్లదు. "మాది కాదండీ, వాళ్లకి రాసుకోండి" అని చెప్పి చెప్పి అతనికి తన మీద తనకే విసుగు పుట్టింది.

"గాలేనండి," అంది వెర్లీన్. సముద్రతీరం నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. "ఒడీల్ గారని, డెబ్బై తొమ్మిదేళ్లావిడ ఇల్లు. కంపెనీ నీరంటోంది. వాషింగ్టన్ వాళ్లు గాలంటున్నారు. ఆవిడేమో టార్పాలిన్ కింద పడుకుంటోంది."

"అందరూ గాలనే అంటారమ్మా. రుజువేది?"

ఆమె ఫోటోలు వరసగా పేర్చింది.

"బురద గీత చూడండి, మూడో మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఇంటి కప్పు చూడండి, పక్కింటి పెకాన్ చెట్టు మీదుంది. ఈదుకుంటూ వెళ్లి చెట్టెక్కిందంటారా?"

థర్మన్ పకపకా నవ్వాడు. ఇన్నాళ్లకి ఒక్క కేసైనా తన చేతికి చిక్కిందని ప్రాణం లేచొచ్చింది. అంతలోనే అనుమానమూ వచ్చింది. కాగితాలు ఇంత పొందిగ్గా తెచ్చేది లాయర్లే.

"మీరు లాయరా?"

"కాదు."

"ఆవిడకి చుట్టమా?"

"కాదండి. ఆవిణ్ణి చూసింది ఒక్కసారే."

"ఒక్కసారి చూసినావిడ కోసం ఇంత దూరమా?"

"కప్పులేని వంటింట్లో నిలబడి నాకు కాఫీ కాచిచ్చింది. పంచదార తడిసిపోయిందని నొచ్చుకుంది కూడాను. ఆ కాఫీ ఇంకా గొంతు దిగలేదండి."

థర్మన్ మెత్తబడ్డాడు. ఆమె తెచ్చిన కాగితాల్లో, కంపెనీ తరఫున ఇల్లు చూసినవాళ్లు రాసిన రిపోర్టు తిరగేశాడు. నీటి తాకిడికే కప్పు కూలిందట.

"ఇది రాసినవాడికి కళ్లున్నాయా?"

"కళ్లుంటాయండి. పైవాళ్లు చెప్పినట్టు రాస్తారు, ఉద్యోగం నిలవాలిగా."

"భలేవారే, వాణ్ణి వెనకేసుకొస్తున్నారా?"

"లేదులెండి. ఇంతకీ ఆవిడకి కప్పొస్తుందా?"

"ఇది అచ్చంగా మా పరిధి. ఈ ఫోటోలతో కంపెనీ తప్పించుకోలేదు. కాకపోతే ఫోటోలు తీసినవాళ్లు సాక్షిగా సంతకం చెయ్యాలి."

"తీసింది నేనే. నా పేరు కంపెనీకి తెలుస్తుందా?"

"తెలియకుండా కుదరదు. భయమెందుకమ్మా, వాళ్లు మిమ్మల్నేం చేస్తారు?"

వెర్లీన్ కలం మూత తీసింది. తర్వాత నవ్వి, పెద్ద పెద్ద అక్షరాలతో చకచకా సంతకం చేసేసింది. దారిలో కొన్న ఉడకేసిన వేరుశనక్కాయల పొట్లం కౌంటరు మీద పెట్టి, "తినండి, వేడిగా ఉన్నాయి," అని తేలిగ్గా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

థర్మన్ ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, ఆమె ఫిర్యాదునూ కంపెనీ రిపోర్టునూ కలిపి పిన్ను కొట్టబోయి ఆగాడు.

రిపోర్టు అడుగున కూడా అదే సంతకం.