పూర్వపక్షం

"దేవుడున్నాడని నేను చెప్పలేనండి, సత్తియ్యగారూ. ఇంకెవరినైనా పిలుచుకోండి."

అరుగు మీద కూర్చున్న సత్తియ్య తెల్లబోయాడు. రామచంద్రపురంలో బట్టల కొట్టు ఆయనది. పై శుక్రవారం అక్కడ సభ పెడుతున్నాడు. రాజమండ్రిలో ఇంగ్లీషు చదివిన కుర్రాళ్ళు వచ్చి దేవుడు లేడని వాదిస్తారట. వాళ్ళకి జవాబు చెప్పాలంటే, ముప్ఫై ఏళ్ళుగా తర్కం పాఠం చెప్పిన అప్పాజీశాస్త్రిగారు కాక ఇంకెవరున్నారు?

"అదేంటండీ, మీరే అలా అంటే..."

"ఉంటే మా చిన్నమ్మాయీ ఉండేది" అని శాస్త్రిగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

తొమ్మిదేళ్ళ పిల్ల. కలరాతో పోయి నెలన్నరయింది. ఆ రోజునుంచి ఆయన సంధ్య వార్చలేదు, పాఠం చెప్పలేదు. రెండు ముద్దలు కతికి లేచిపోతున్నారు. మనిషి ఇలాగే ఉంటే శ్రావణం దాటడం కష్టమని వైద్యుడు ఆయన భార్య బుజ్జమ్మతో చెప్పి వెళ్ళాడు.

తలుపు వెనకనుంచి బుజ్జమ్మ అంది. "వస్తారండి, సత్తియ్యగారూ. నేను పంపిస్తాను."

సత్తియ్య వెళ్ళగానే శాస్త్రిగారు కసిరారు. "నన్ను పంపడానికి నువ్వెవరివే?"

"ముందు నాతో వాదించండి. పూర్వపక్షం నేను చెబుతాను."

పూర్వపక్షమంటే ఎదుటివాడి వాదన. పాఠంలో ఒక శిష్యుడు నాస్తికుడిలా అడగాలి, గురువు ఖండించాలి. ఇప్పుడు శిష్యులెవరూ రావడం లేదు. బుజ్జమ్మ ఆ పాఠాలు వంటింట్లోంచి విన్నది. ఆయన ఊళ్ళో లేనప్పుడు పుస్తకాలు తీసి కూడబలుక్కుని చదివింది.

"నీకు తర్కమేమిటే? పప్పు మాడుతోంది, చూసుకో."

"మాడినా మాడకపోయినా మీరు తినరుగా. చెప్పండి. లోకాన్ని చేసినవాడున్నాడని ఏం సాక్ష్యం?"

ఆయన విసుగ్గా అన్నారు. "కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టే. లోకం ఉంటే చేసినవాడున్నట్టే."

"కుమ్మరి కుండ చెయ్యడం చూశాం. లోకాన్ని చేస్తుంటే ఎవరు చూశారు?" అని బుజ్జమ్మ చెంపలు వేసుకుంది.

"ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం నువ్వు చూశావా? దానంతటదే లేచిందంటావా?"

"దానికి వేలమంది కూలీలు పట్టారటగా. లోకానికి ఒక్కడే అని ఎలా చెబుతారు? పదిమంది కలిసి చేశారేమో!" మళ్ళీ చెంపలు వేసుకుంది.

శాస్త్రిగారు ఇటు తిరిగారు. "ఒక్కడితో అయ్యే పనికి పదిమందిని ఎందుకు ఒప్పుకోవాలి?"

"కుమ్మరికి చేతులున్నాయి. మీవాడికున్నాయా?"

ఆయన లేచి కూర్చున్నారు. "చెయ్యి ఎత్తాలని అనుకుంటావు, లేస్తుంది. అనుకున్న ఆ మనసుకి చేతులున్నాయటే?"

ఆ పూట ఆయన నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నారు.

మర్నాడు తనే కేకేశారు. "ఏదీ, మన నాస్తికురాలెక్కడ?"

బుజ్జమ్మ బియ్యం కడుగుతున్న చేతులతోనే వచ్చింది.

"మంచి కుండని ఆరకుండానే కుమ్మరి తన్నేస్తే, వాణ్ణి ఏమనాలండీ?"

శాస్త్రిగారి మొహం పాలిపోయింది. "తన్నింది కుమ్మరి కాదు. కర్మ."

"తొమ్మిదేళ్ళకి ఏం కర్మండీ?"

"పూర్వజన్మది."

"ఆ జన్మకి?"

"అంతకు ముందుది."

"అన్నిటికంటే మొదటిదానికో?"

"కర్మకి మొదలు లేదు."

"కర్మకి మొదలు అక్కర్లేకపోతే లోకానికి మాత్రం ఎందుకు? అదీ ఎప్పుడూ ఉన్నదేనేమో. ఇంక కుమ్మరితో పనేముంది?"

"చెంపలు వేసుకోవే!"

బుజ్జమ్మ వేసుకుంది.

శాస్త్రిగారు అటకమీంచి తాటాకుల కట్టలు దింపించుకున్నారు. రెండు రోజులు వాటిముందే కూర్చున్నారు. మూడోనాడు పొద్దున్నే కాలవలో మునిగి, తడిబట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"కర్మ జడం, బుజ్జీ. ఎవరికి ఏది చెందాలో దానికేం తెలుసు? తెలిసి ఇచ్చేవాడొకడు ఉండాలి." గడపమీద కూలబడ్డారు. "వాడుంటే... మన పిల్ల ఎక్కడుందో వాడికి తెలుసు."

నెలన్నరలో మొదటిసారి ఆయన వెక్కి వెక్కి ఏడ్చారు. బుజ్జమ్మ పమిటచెంగుతో ఆయన తల తుడిచింది.

చాలాసేపటికి ఆయన చిన్నపిల్లాడిలా అడిగారు. "ఓడిపోయానని అనవే."

"ఓడిపోయానండి."

ఆ పొద్దున ఆయన సంధ్య వార్చారు. దీపం పెట్టారు. మజ్జిగలోకి మారు అన్నం అడిగి వేయించుకున్నారు.

గురువారం కాలవగట్టున పడవ ఎక్కుతూ నవ్వారు. "ఆ కుర్రాళ్ళు నీలా అడగలేరే. ఎంత బాగా నటించావు! నిజంగా నమ్మినదానిలాగే అడిగావు."

"మీ శిష్యరికమేగా."

"వెళ్ళొస్తానే."

"వెళ్ళిరండి. వేళకి తినండి."

గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవని లాగారు. అది వంపు తిరిగి కనపడకుండా పోయేదాకా బుజ్జమ్మ అక్కడే నిలబడింది.

ఆవిడకి మాత్రం ఒక్క జవాబూ చాలలేదు.