ఎడమచేతి గీతలు

“నీడ ఇంకో అరగంటే ఉంటుంది సార్. ఈలోగా ఈ తలుపు అయిపోవాలి,” అన్నాడు పాలిష్ మేస్త్రీ, మెషిన్‌కి కొత్త ప్యాడ్ తొడుగుతూ.

“నన్ను సార్ అనకండి మేస్త్రీ. ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూడాల్సి వస్తోంది,” అన్నాడు డ్రైవరు.

ముప్పై ఏళ్లు పరాయి కార్ల తలుపులు తీసి పట్టుకున్న మనిషి ఆయన. నిన్న రాత్రే సొంత కారు ఇంటికి తెచ్చుకున్నాడు. పాతదే, నల్లది, మూడు చేతులు మారింది. భార్యకు చెప్పలేదు. ఆవిడ చెల్లెలింటి నుంచి నాలుగు గంటల బస్సుకి దిగుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి “మీ పక్క సీట్లో కూర్చుని ఊరంతా తిరగాలని ఉంది” అంది ఆ ఇల్లాలు. అని మర్చిపోయింది. ఈయన మర్చిపోలేదు. ఇవాళ ఆవిడ గేటు తీసి లోపలికి రాగానే ఆ నల్లటి తలుపులో తన మొహం తనకి కనబడాలి. ఇన్నేళ్ల కోరిక, ఒక్క పూట పని.

రాత్రి దీపాల కింద నిగనిగలాడిన కారు పొద్దున్న ఎండ పడేసరికి గుట్టు బయటపెట్టింది. ఒళ్లంతా సన్నటి సుడిగీతలు, సాలెగూడు కప్పినట్టు. నల్ల రంగు కడుపులో ఏదీ దాచుకోదు. ఎవరో చెబితే ఈ మేస్త్రీకి ఫోన్ చేశాడు. వారం దాకా ఖాళీ లేదన్నవాడు, కారు రంగూ నంబరూ అడిగి, గంటలో వచ్చి వాలాడు. రేకు వేడెక్కితే పాలిష్ పట్టదు. అందుకని మేడ నీడ ఎటు జరిగితే అటు కారు జరపడం, గీతలు పోయాయో లేదో ఎండలోకి లాగి చూసుకోవడం, మళ్లీ నీడకి తేవడం. పొద్దుట్నుంచి ఇదే వరస.

“ఎవరో బుద్ధిలేనివాళ్లు రోజూ పొడిగుడ్డతో తుడిచారు,” అన్నాడు డ్రైవరు విసుగ్గా. “దుమ్ము మీద పొడిగుడ్డ అంటే ఇసుక పెట్టి తోమినట్టే. ఆ మాత్రం తెలియక్కర్లా?”

మేస్త్రీ మెషిన్ ఆపాడు. “తెలియదండి. పాడవాలని ఎవరు తుడుస్తారు? ప్రేమ ఎక్కువైన బళ్లే ఇలా అవుతాయి.”

“గీతలు చూసి ప్రేమ కూడా చెబుతారా?”

“చూడండి, సుడులన్నీ ఎడమచేతి వాటం. టాప్ మీద నడుమ ఒక్క గీత లేదు, చెయ్యి అందలేదు. పొట్టి మనిషన్నమాట. నడిపేవాడి తలుపు మీద, అద్దం కింద, అన్నిటికంటే ఎక్కువ తుడుపు పడింది. బండి బయల్దేరేదాకా అక్కడే నిలబడి, తుడిచిందే తుడుస్తూ మాట్లాడే మనిషి.”

“ముప్పై ఏళ్లు కార్లు తుడిచాను గానీ ఇలాంటి విద్య వినలేదు. మీరు జాతకాలు చెప్పుకుంటే ఇంతకంటే సుఖంగా బతికేవారు.”

మేస్త్రీ నవ్వలేదు. “తర్వాత ఆ చెయ్యి ఆగిపోయింది. ఆపైన పడ్డవన్నీ కడిగే మెషిన్ బ్రష్ గీతలు,” అని మళ్లీ పనిలో పడ్డాడు.

మూడున్నరకి కారు అద్దమైంది. మేడ మీద ఆరేసిన దుప్పటి రంగు కూడా అందులో తెలుస్తోంది. నడిపేవాడి తలుపు మీద మాత్రం, అద్దం కింద, అరచెయ్యంత మేర టేపు అంటించే ఉంది.

“అదేంటి?”

“అక్కడ రంగు పల్చబడిందండి. వదిలేద్దాం.”

“పొద్దున్న మీటరు పెట్టి రంగు మందం చూసి అంతటా బాగుందన్నారుగా?”

మేస్త్రీ దులిపిన ప్యాడే మళ్లీ దులిపాడు. “అరచెయ్యంతే కదండీ. ఎవరి కంట పడుతుంది?”

“ఆవిడ మొదట చూసేదే అక్కడ. ఎవరెవరివో కార్లు అద్దంలా ఉంచాను మేస్త్రీ. నాదానికి వచ్చేసరికి మచ్చ ఉండాలా?” కోప్పడలేదు, బతిమాలాడు.

మేస్త్రీ టేపు మెల్లగా పీకాడు. ఆ చోటు మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. వేడి చూస్తున్నాడు కాబోలనుకున్నాడు డ్రైవరు. అంత చిన్న చోటికి బానెట్‌కి పట్టినంతసేపు పట్టింది.

నాలుగుంపావుకి గేటు చప్పుడైంది.

“ఎవరిదండీ కారు?” అంది ఆవిడ.

“మనదే.”

ఆవిడ సంచి కింద పెట్టేసింది. తలుపు దగ్గరికొచ్చి, అందులో తన మొహం చూసుకుని, దాని మీద వాలిన దుమ్ము చూసి, చేతిరుమాలు తీసి తుడవడం మొదలుపెట్టింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, వాటిని మాత్రం తుడుచుకోలేదు.

“పొడిగుడ్డ పెట్టకే, మళ్లీ గీతలు పడతాయి,” అన్నాడు డ్రైవరు కంగారుగా.

“తుడవనివ్వండి,” అన్నాడు మేస్త్రీ, వైరు చుట్టుకుంటూ. “పడితే పడనివ్వండి.”

“పొద్దుట్నుంచి చచ్చీ చెడీ పోగొట్టింది మీరే కదండీ?” డ్రైవరు నవ్వేశాడు. ఇవాళ ఆయనకి దేనికైనా నవ్వే వస్తోంది. “సరే గానీ, పొట్టి అన్నారు, ఎడమచెయ్యి అన్నారు. ఆ తుడిచిన మనిషి ఎవరో కూడా చెప్పండి, మీ విద్య ఒప్పుకుంటాను.”

మేస్త్రీ మెషిన్ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

“మా ఆవిడ.”