సీటు మీద తువ్వాల

జీపు హారన్ వినగానే ఊరంతా రోడ్డు మీదికి ఉరికింది.

ఆర్టీసీ సమ్మె మొదలైన నాటి నుంచి ఆ ఊరి మొహం చూసిన బండి లేదు. ఎంత పనున్నా కొత్తకోట దాకా నడవాల్సిందే. ఇవాళ ఎవరి పుణ్యమో, మల్లేశ్ జీపు ఊరి ముందు నిలబడింది.

అనంతయ్య కూతురు చెయ్యి పట్టుకుని అందరినీ తోసుకుంటూ పోయాడు. వనపర్తిలో స్వరూపకు నర్సు ట్రైనింగ్ ఇంటర్వ్యూ. పదింటికి గేటు మూస్తారు. తల్లి లేని పిల్ల బతుకు ఆ గేటు లోపలే ఉంది.

డ్రైవర్ పక్క సీటు మీద ఎర్రగళ్ల తువ్వాల పరిచి ఉంది.

“ఎవనిదిది? ఆర్టీసీ బస్సనుకున్నడా, తువ్వాలేసి జాగ పట్టనీకి?”

గుంజి రోడ్డు మీదికి విసిరేశాడు అనంతయ్య. కూతుర్ని కూర్చోబెట్టి, పక్కనే తానూ ఇరుక్కున్నాడు.

వెనక మెట్టు మీద వేలాడుతున్న లుంగీ మనిషి దిగి, తువ్వాల దులిపి మెడలో వేసుకున్నాడు. మళ్లీ మెట్టెక్కాడు.

కొత్తకోటలో పల్లికాయలమ్మే జములమ్మ మాత్రం ఏదో అనబోయింది. ఆ మనిషి కళ్లతోనే వద్దన్నాడు.

జీపు కదిలింది. జములమ్మ కాలు ఒకటి ఇంకా నేల మీదనే ఉంది.

“హోల్డాన్.”

వెనక నుంచి లుంగీ మనిషి బస్సు కండక్టర్‌లా కేక, రేకు మీద రెండు దెబ్బలు. మల్లేశ్ బ్రేకు తొక్కాడు. ముసలమ్మ ఎక్కింది. అతనికి ఇంకా బస్సు మీద మోజు తీరలేదని జీపంతా నవ్వింది.

అనంతయ్య నవ్వలేదు. బస్సు పేరెత్తితే అతనికి ఒళ్లు మంట. భార్య బుజ్జమ్మకు జ్వరం తలకెక్కిన రోజు, చెయ్యెత్తినా నిండిన బస్సు ఆగకుండా పోయింది. ఎడ్లబండి మీద దవాఖాన చేరేసరికి ఆమెలో ఊపిరి లేదు.

“అమ్మెయ్యాలె ఈ బస్సులన్నీ. ప్రైవేటోని చేతుల పెట్టాలె. చూడు, పిలువకున్నా మన ఇంటి ముందటికి వచ్చిండు మల్లేశ్.”

మల్లేశ్ దగ్గాడు.

“నిండకుంటే ప్రైవేటోడు వస్తడా కొడుకా? ముగ్గురమే ఉన్న నాడు కూడ మనూరికి వచ్చింది ఎర్రబస్సేనాయె,” అంది జములమ్మ.

“నిండితే ఆపదు గద నీ ఎర్రబస్సు.” అనంతయ్య వెనక్కి తిరిగాడు. “ఏమయ్యా లుంగాయనా, నువ్వు చెప్పు. ఆపకపోవుడు తప్పా కాదా?”

“తప్పేనన్నా,” అన్నాడు ఆ మనిషి. “మనిషి చెయ్యెత్తితే ఆపాలె.”

 

కొత్తకోట చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. పక్కన సమ్మె డేరా. ఆర్టీసీ ఖాకీ చొక్కాలు జీపును చుట్టుముట్టాయి. ఒకడు టైరు గాలి తీయడానికి వంగాడు. తొమ్మిది దాటింది.

స్వరూప కళ్లలో నీళ్లు తిరిగాయి. అనంతయ్య కిందికి దూకాడు. బతిమాలాడు, దండం పెట్టాడు, ఆఖరికి తిట్టాడు. ఒక్కడూ వినలేదు.

అప్పుడు వెనక నుంచి లుంగీ మనిషి ముందుకొచ్చాడు.

అరుపులు ఆగిపోయాయి. గాలి తీయబోయినవాడు లేచి నిలబడ్డాడు.

“నువ్వే గిట్ల చేస్తే మేమెవనికి చెప్పుకోవాలె?”

“ఈ ఒక్క జీపును పోనియ్యున్రి. నన్ను ఏమన్న అనున్రి.”

ఎవరో అతని మెడలో తువ్వాల పట్టి డేరా వైపు ఈడ్చారు. ఈడుస్తుంటేనే అతను జీపు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

“రైట్, రైట్.”

అనంతయ్య ఎక్కగానే జీపు రాళ్ల పక్కనుంచి దూసుకుపోయింది.

“సమ్మె చేసుకుంట దొంగతనంగ జీపెక్కిండు. సొంతోళ్లకే దొరికిండు,” అన్నాడు అనంతయ్య.

జములమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దుమ్ము పడిందేమో అనుకున్నాడు.

గేటు సగం మూసి ఉండగా స్వరూప లోపలికి ఉరికింది. సాయంత్రానికి సీటొచ్చింది. ఊరు చేరేదాకా అనంతయ్య ఎదురైన ప్రతి మనిషికీ చెప్పాడు.

ట్రైనింగ్‌లో చేరే నాటికి సమ్మె ముగిసింది. బంతిపూల దండతో మొదటి బస్సు ఊళ్లోకి వచ్చింది. పిల్లలు కేకలు పెడుతూ వెంటపడ్డారు. ఆడవాళ్లు టైరు ముందు కొబ్బరికాయ కొట్టారు.

జనం తలుపు దగ్గర తోసుకుంటుంటే అనంతయ్య పంతం మరిచాడు. కిటికీలోంచి తన తువ్వాల సీటు మీదికి విసిరాడు. కూతురికి జాగ దొరికింది. అతని మొహం వెలిగింది.

దిగిన కండక్టర్ కొత్తవాడు. అతన్ని చూడగానే అనంతయ్యకు ఆ నాటి “రైట్, రైట్” గుర్తొచ్చి, పక్కనే ఉన్న జములమ్మను అడిగాడు.

“ఆ నాడు జీపుల ఉన్న లుంగాయన ఎవరే?”

“ఆశీర్వాదం. కండక్టరు. కొత్తకోటల సమ్మె డేరాకు పెద్ద. జీపులు ఆపుమన్నదే ఆయన.”

“మరి ఆయనే ఎట్లెక్కిండు?”

“నేను పోయి అడిగిన కొడుకా. తల్లి లేని పిల్ల, పెద్ద పరీక్ష, మీరేమో బస్సులు బంద్ పెడితిరి అని. తెల్లారక ముందే మల్లేశ్‌ను లేపి తోలుకొచ్చిండు. ఎవనికీ చెప్పొద్దన్నడు.”

అనంతయ్య బస్సు చుట్టూ ఆత్రంగా చూశాడు.

“ఇప్పుడేడున్నడు?”

“పెద్దరికం పీకేసిండ్రు సొంతోళ్లు. బదిలీ అడుక్కొని అచ్చంపేట దిక్కు పోయిండు.”

కండక్టర్ రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు కదిలింది. కిటికీలో స్వరూప నవ్వుతూ తండ్రి తువ్వాల ఊపింది.

దాన్నే చూస్తూ జములమ్మ అంది: “గా నాడు జీపుల తువ్వాల కూడ నీ బిడ్డ కోసమే ఏసిండు, నువ్వు పారేసింది.”