మజ్జిగ ఒలకని కారు

మాణిక్యాంబ చేతిలో గ్లాసు నిండా మజ్జిగ.

"అంత బిగించి పట్టుకోమాకే అమ్మా. మామూలుగా పట్టుకో," అన్నాడు పున్నారావు.

ఎర్ర కారు తెనాలి వీధులన్నీ తిరిగింది. గతుకుల్లో పడి లేచింది. మళ్ళీ ఇంటిముందుకొచ్చి ఆగింది.

మజ్జిగ చుక్క ఒలకలేదు.

"కడుపులో చల్ల కదలకుండా అంటారు, ఇదేరా నాయనా!" అంది మాణిక్యాంబ మురిసిపోతూ.

అది విదేశీ కారు. పందేల్లో పరుగెత్తే జాతి. మద్రాసు రేవులో దిగగానే కొన్నాడు. ముందురోజే బాపట్ల దాకా తోలుకెళ్ళి వచ్చాడు. ఇంజను ఎక్కడా దగ్గలేదు, తుమ్మలేదు.

కాకపోతే రెండే సీట్లు. ఊరంతా నవ్వింది. ధాన్యం మిల్లు ఉన్నవాడికి డబ్బెక్కువైతే ఇంతేనంది.

ఊరికేం తెలుసు?

ఒక సీటు తనకి. రెండోది జయలక్ష్మికి. ఆమె ఒళ్ళో బిడ్డ. ఎన్ని మొక్కులు మొక్కితేనో ఆమె కడుపు పండింది. పురిటికి రేపల్లెలో పుట్టింటికి వెళ్ళిన భార్యని, పసిగుడ్డుతో సహా కుదుపు తెలియకుండా ఇంటికి తెచ్చుకోవాలి. పున్నారావు కారు కొన్నది అందుకు.

కారు దిగాడో లేదో ఇంటిపక్కనే ఉన్న మిల్లులో ఫోను మోగింది. మామగారు శివరామయ్య.

"నొప్పులొచ్చాయి నాయనా. బయల్దేరు."

"ఎట్లా ఉంది మావయ్యగారూ?"

"కాస్త కష్టంగానే ఉంది. చెప్పాల్సినవాళ్ళకి చెప్పాం. నువ్వు రా."

మాణిక్యాంబ పక్కింటి శేషారత్నాన్ని పిలిచింది. నిండు బిందెతో కారుకి ఎదురు రమ్మంది.

"దారిలో కూడా మంచి ఎదురు చూసుకుని వెళ్ళు నాయనా. పురిటి వేళ."

మామూలు రోజుల్లో పున్నారావు ఈ శకునాలను నవ్వి కొట్టేసేవాడు. ఆ రోజు నవ్వలేకపోయాడు. భయం పట్టుకున్నవాడికి బల్లి పలికినా బ్రహ్మవాక్కే.

భట్టిప్రోలు దాటాక దారికి అడ్డంగా బస్సు ఆగిపోయి ఉంది. డ్రైవరు ఇంజను మూత ఎత్తి తల లోపల పెట్టాడు. పున్నారావు కారు నెమ్మది చేశాడు.

ఒకామె పరుగున ఎదురొచ్చింది.

తెల్లచీర. నుదుట బొట్టు లేదు. చేతికి గడియారమే గాని గాజుల్లేవు. బరువైన సంచి మోస్తోంది.

పున్నారావు బ్రేకు తొక్కాడు. నిండు బిందె ఎదురొచ్చిన పుణ్యమంతా ఇక్కడ కొట్టుకుపోయిందనుకున్నాడు.

"బాబూ, రేపల్లేనా? నన్ను కూడా కాస్త..."

"చోటు లేదు."

ఆమె ఖాళీ సీటు వంక చూసింది.

"చాలా అవసరం బాబూ. నీకు పుణ్యముంటుంది."

"తప్పుకోండి పక్కకి!"

"ఒక్క మాట వినయ్యా..."

అద్దం ఎత్తేశాడు. రోడ్డు దిగి, బస్సు పక్కనుంచి దూసుకుపోయాడు.

కొంతదూరం పోయాక కాలవ గట్టున కారు ఆపాడు. చెడ్డ ఎదురైతే ఇంటికి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరడం వాళ్ళింటి ఆనవాయితీ. ఇల్లు చాలా వెనక ఉండిపోయింది. కాలవలోనే కాళ్ళు కడుక్కున్నాడు. గుక్కెడు నీళ్ళు తాగాడు. దోషం పోయిందని మనసు కుదుటపడేదాకా గట్టు మీద కూర్చున్నాడు.

తాళం తిప్పగానే ఇంజను పలికింది. ఎంత మంచి కారైనా ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. అది మాత్రం ఆ రోజు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

రేపల్లెలో ఇంటిముందు జనం మూగి ఉన్నారు. మంత్రసాని చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"కారు తెచ్చాను. కుదుపే ఉండదు. తెనాలి ఆసుపత్రికి తీసుకుపోదాం," అన్నాడు పున్నారావు.

"ఇప్పుడు కదిలిస్తే దక్కదయ్యా. బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతుల్లో ఏం లేదు."

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళింది.

కాసేపటికి అత్తగారి ఏడుపు ఒక్కసారిగా లేచింది. పసిబిడ్డ ఏడుపు మాత్రం వినపడలేదు.

తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

పున్నారావు అరుగు మీద కూలబడ్డాడు. ఎదురుగా ఎర్ర కారు. అందులో రెండో సీటు. ఇక దాన్లో ఎవరిని కూర్చోబెట్టుకోవాలి? తనెవరికోసం బతకాలి? ఆ కారుని చూస్తుంటే అతనికి చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు వీధిలో ఒక సైకిలు ఆగింది. వెనక క్యారియరు మీంచి తెల్లచీర మనిషి దిగింది. చీర అంచంతా బురద. సంచి గుండెలకు అదుముకుని గుమ్మం వైపు పరుగెత్తుకొస్తోంది.

పున్నారావు లేచి అడ్డం నిలబడ్డాడు.

"ఇక్కడికి కూడా వచ్చావా? నీ ఎదురే నా ఇల్లు కూల్చింది! బోసి మొహంతో దారికడ్డమొచ్చి నా జయని మింగేశావు. ఇంకెవరున్నారని వచ్చావు?"

ఆమె లోపలి ఏడుపు విన్నది. చేతిలో సంచి జారి మెట్ల మీద పడింది.

శివరామయ్య తూలుతూ వచ్చి అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు.

"అంతమాట అనకు నాయనా... ఆవిడ క్రైస్తవులు, బొట్టు పెట్టుకోరు... అడ్డం తిరిగిన బిడ్డల్ని తీసి తల్లుల్ని బతికించే డాక్టర్ ప్రమీలారాణిగారు, నీకన్నా ముందే ఫోను చేస్తే మన జయ కోసం తెనాలిలో బస్సెక్కారు."