నేను, తను

"ఆడినవా, ఆడనివాండీ?" ఫోనులో అడిగాడు రాజమండ్రి నుంచి, పాత బోర్డు గేములు కొనే గణేష్‌బాబు.

"మూతలు తీశారంతేనండి. మా ఇంట్లో ఆడేవాళ్ళెవరున్నారు?" అంది రామతులసి.

ఆ మాట అన్నాక ఆవిడకే మనసు చివుక్కుమంది. పిల్లలు లేని ఇల్లు. ఆ ఇంటి హాల్లో అద్దాల బీరువా నిండా ఇరవై రెండు బోర్డు గేములు. భర్త మురళీకృష్ణ భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో మేనేజరు. యాభై దాటిన ఆ పెద్దమనిషి ఏడాదికొకటి చొప్పున కొనుక్కొచ్చి పేర్చాడు. పోయిన వారం తోటి టీచర్లు టీకి వచ్చినప్పుడు ఒకావిడ బీరువా కేసి చూసి, "ఎవరి కోసమండీ ఇన్ని ఆటలు?" అనేసింది. రామతులసికి తల కొట్టేసినట్టయింది. వాళ్ళు గేటు దాటారో లేదో, ఇవన్నీ అమ్మేద్దామని మొగుడితో చెప్పేసింది.

"నీ ఇష్టం," అన్నాడాయన. ఆయన ఎప్పుడూ అంతే. పెళ్ళయిన కొత్తలో మొదటి ఆట, చిన్న నీలం పెట్టె, కొనుక్కొచ్చి, "ఇదిగో, ఒక్క ఆట ఆడదాం రా," అని పిలిచాడు. ఆవిడ అక్కచెల్లెళ్ళందరి ముందూ పకపకా నవ్వి, "చిన్నపిల్లలమా ఏంటండీ?" అంది. ఆయన మళ్ళీ పిలవలేదు. కొనడం మాత్రం మానలేదు.

"ముక్కలన్నీ లెక్క చూసి పంపండి మేడం. ఒక్కటి తగ్గినా ఆట పనికిరాదు," అని గణేష్‌బాబు ఫోను పెట్టేశాడు. ఇరవై రెండూ అతనే కొంటున్నాడు మరి.

రెండో శనివారం, బడికి సెలవు. రామతులసి చాప పరుచుకుని మొదటి పెట్టె మూత తీసింది. ఇన్నేళ్ళలో ఆవిడ వాటి మూత తీయడం అదే మొదలు. లోపల కార్డుల అంచులు నలిగి మెత్తబడి ఉన్నాయి. ఆడేవాళ్ళు లేరని ఇందాకేగా తాను చెప్పింది! అడుగున మడతపెట్టిన కాగితం ఒకటి దొరికింది. నడుమ నిలువు గీత. ఒకవైపు "నేను". రెండోవైపు "తను". కింద తేదీలు, ఒక్కో తేదీకీ ఇద్దరి పాయింట్లు. మొగుడి చేతిరాతే.

రెండో పెట్టెలోనూ అదే. మూడో దాంట్లోనూ అదే. నేను ముప్పై ఎనిమిది, తను నలభై ఆరు. ఏ కాగితంలో ఏ తేదీ చూసినా ఆ రెండోవైపుదే పైచేయి.

ఫోనులో కేలండరు తీసి తేదీలు చూసింది. అన్నీ ఆదివారాలే. ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ లలితా పారాయణానికి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి వంటింట్లో రెండు టీ గ్లాసులు కడిగి బోర్లించి ఉంటాయి. రెండుసార్లు తాగి ఉంటారులే అనుకునేది పిచ్చిది.

"ఏంటండీ, ఇల్లు మారుతున్నారా?" పిట్టగోడ మీంచి పలకరించింది పక్కింటి లోవమ్మ.

"పాత సామానండి. లోవమ్మగారూ, ఆదివారాలు నేను లేనప్పుడు మా ఇంటికెవరైనా వస్తారాండీ?"

లోవమ్మ నసిగింది. "వచ్చింది నేను చూడలేదండి. మాటలు మాత్రం వినిపిస్తాయి. 'ఇదిగో, నీ వంతు' అనీ, 'అబ్బో, మళ్ళీ గెలిచేశావే' అనీ, అన్నయ్యగారు ఒకటే నవ్వు. చుట్టాలెవరో అనుకున్నానండి."

రామతులసి సిగ్గుతో చచ్చిపోయింది. పక్కింటికి తెలిసింది తన ఇంట్లో తనకి తెలియలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఒకటే నవ్వడం ఆవిడ విననే లేదు. ముక్కల లెక్క మానేసింది. కాగితాలన్నీ హ్యాండ్‌బ్యాగులో కుక్కుకుని, పెట్టెల చుట్టూ టేపు బిగించసాగింది.

"ఇదిగో, కత్తెర కావాలా?" భోజనానికి వచ్చిన మురళీకృష్ణ గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అక్కర్లేదు."

ఆయన కదల్లేదు. "ఆ నీలం పెట్టె ఒక్కటీ ఉంచేసుకోనా?"

"ఎందుకూ?"

"ఊరికే."

"అన్నిటికన్నా ముందు అదే పోవాలి," అని దానికి ఇంకో రెండు చుట్లు టేపు వేసింది.

కొరియర్ ఆఫీసులో అచ్చిబాబు అట్టపెట్టెల్ని తూకం వేస్తూ, "లోపల ఏంటని రాయమంటారండీ?" అన్నాడు.

"పుస్తకాలు."

అతను ఒకదాన్ని ఊపి చూశాడు. "పుస్తకాలు గలగలమంటున్నాయేంటండీ?"

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. రామతులసి చెవులు ఎర్రబడ్డాయి. ఆటవస్తువులని చెప్పడానికి నిన్నటిదాకా ఒక సిగ్గు, ఇవాళ ఇంకొకటి. "పాత సామానని రాసుకోండి," అని బయటపడింది.

సాయంత్రం మురళీకృష్ణ ఖాళీ బీరువా ముందు కూర్చుని ఉన్నాడు. రామతులసి హ్యాండ్‌బ్యాగు బోర్లించి కాగితాలన్నీ బల్ల మీద కుమ్మరించింది.

"ఈ 'తను' ఎవరు?"

ఆయన తల దించుకున్నాడు. మొహం కందిపోయింది.

"మిమ్మల్నే. ఎవరది?"

"చెప్పడానికి సిగ్గుగా ఉంది."

"వినడానికి నాకు మాత్రం లేదా? ఎన్నాళ్ళ నుంచి?"

"ఆ నీలం పెట్టె కొన్నప్పటినుంచీ."

రామతులసి కుర్చీలో కూలబడింది. అంటే తన కాపురం మొదలైనప్పటినుంచీ అన్నమాట. "ఎదురుగా కూర్చోబెట్టుకుని, టీ ఇచ్చి, నవ్వుతూ నవ్విస్తూ... వీధికంతా తెలిసింది. ఇక దాచేదేముంది? ఎవరొచ్చేవారో చెప్పండి."

"ఎవరూ వచ్చేవారు కాదు."

"అబద్ధం! ఎవరూ రాకపోతే మరి ఈ గెలుపులన్నీ ఎవరివి?"

మురళీకృష్ణ చెదిరిన కాగితాలను ఒక్కొక్కటే ఏరి, దొంతర పెట్టి, ఆవిడ వైపు జరిపాడు.

"ఇదిగో," అన్నాడు, తల ఎత్తకుండానే.

"నిన్ను ఒక్కసారి కూడా ఓడనివ్వలేదు."