ఎల్లాజీ మావ గెంతు

“ఆటగాడు ఎవరమ్మా?” అని అడిగాడు మురళీమోహన్.

ఝాన్సీ పక్కనున్న మనిషిని చూపించింది. మురళీమోహన్ ఆయన్ని తలపాగా నుంచి కాళ్ళ దాకా చూసి, మళ్ళీ ఝాన్సీ వైపు చూశాడు. వరసలో మిగతా పదకొండు మందీ మూతిమీద మీసం సరిగ్గా రాని కుర్రాళ్ళు. ఈయనకి అరవై దగ్గర పడుతున్నాయి.

“మా మావండీ. ఎల్లాజీ,” అంది ఝాన్సీ.

విశాఖ నుంచి వచ్చిన గేముల కంపెనీ రాజాం కాలేజీ మైదానంలో పెట్టిన పోటీ అది. మురళీమోహన్ ఆ కంపెనీ మనిషే. రేపటి ఆటలు కళ్ళతో కాదు, ఒళ్ళంతా ఆడేవి అని పొద్దున్నుంచి మైకులో ఊదరగొడుతున్నాడు. కంపెనీ తన పాత గేము సంగీతం ఇస్తుంది. దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు రీమిక్స్ చేసి, ఒక ఆటగాణ్ణి వెంటబెట్టుకుని రావాలి. ఆటగాడి కళ్ళకి హెడ్‌సెట్, చెవులకి హెడ్‌ఫోన్లు, ఒంటికి ఒక చేతుల్లేని కోటు. సంగీతంలో దరువు పడినప్పుడల్లా ఆ కోటు గుండెల మీద దబదబా గుద్దుతుంది. కళ్ళ ముందు నది, నది మీద వంద చెక్క పలకలు; జనానికి అదంతా పెద్ద తెర మీద కనిపిస్తుంది. దరువు మీద అడుగు పడితే పలక నిలుస్తుంది, తప్పితే బుడుంగు! ఎవరి ఆటగాడు ఎక్కువ దూరం వెళ్తే, ఆ రీమిక్స్ చేసినవాళ్ళకి కంపెనీలో ఉద్యోగం.

ఝాన్సీకి ఆ ఉద్యోగం కావాలి. మామూలుగా కాదు, నిద్రలో కూడా కావాలి. డిగ్రీ అయిన రెండేళ్ళ నుంచీ పాత గేముల సంగీతాన్ని చీల్చి, మళ్ళీ కుట్టడమే పని. “ఈసారి రాకపోతే సోమారం నుంచి మీ పెదనాన్న సిమెంటు కొట్లో కూకో,” అని అమ్మ కుమారి తేల్చి చెప్పేసింది. ఆ బస్తాలు తలుచుకుంటేనే ఝాన్సీకి తుమ్ములొస్తున్నాయి.

మావ ఒకప్పుడు తప్పెటగుళ్ళ ఆటగాడు. రేకుగుల్ల ఛాతీకి కట్టుకుని, వాయిస్తూ గెంతితే శ్రీకూర్మం నుంచి నెల్లిమర్ల దాకా పేరు. ఏడేళ్ళ కిందట గుల్ల విప్పి చిలక్కొయ్యకి తగిలించాడు. మళ్ళీ ముట్టుకోలేదు. ఎవరైనా ఆడమంటే లేచి వెళ్ళిపోయేవాడు.

మేనకోడలి రీమిక్స్‌కి మాత్రం ఆయనే పరీక్షాధికారి. నెలరోజుల పాటు స్పీకరు పెట్టెని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. “ఒసే గుంటా, ఇక్కడ బోలుగున్నాది! గట్టిగా ఎయ్యి!” అని నాలుగిళ్ళకి వినబడేలా అరిచేవాడు. ఆమె కంప్యూటరు వైపు తిరిగి ఏదో సర్దిచెప్పబోతే, “దాంతోటి గాదు, నా మొకం సూసి సెప్పు!” అని కసిరేవాడు. ఝాన్సీ డెబ్బై సార్లు మార్చింది.

పోటీ మొదలైంది. పక్క వేదిక మీద కాలేజీవాళ్ళు డీజే పెట్టారు. ఆ హోరుకి షామియానా గుంజలు వణుకుతున్నాయి. కుర్రాళ్ళు హెడ్‌ఫోన్లని రెండు చేతులా నొక్కిపెట్టినా డీజే లోపలికి దూరిపోయింది. మొదటివాడు పన్నెండో పలక దగ్గరే మునిగాడు. యుగంధర్ అనే మొనగాడు నలభై ఒకటి దాకా వెళ్ళి, జనం ఈలలకి లయ తప్పి పడిపోయాడు.

చివరికి ఎల్లాజీ వంతు వచ్చింది. హెడ్‌ఫోన్లు చేతికిస్తే మెడలో దండలా వేసుకున్నాడు.

“సెవులకి పెట్టుకోవాల తాతా!” అని వెనక నుంచి కేకలు, నవ్వులు. ఎల్లాజీ చలించలేదు. మురళీమోహనే నవ్వాపుకుంటూ వాటిని సర్ది, కోటు బిగించాడు.

కోటుని తడుముకుని ఎల్లాజీ కళ్ళు పెద్దవి చేశాడు. “ఓలబ్బో! గుల్ల కట్టినట్టే ఉన్నాదే!”

కళ్ళకి హెడ్‌సెట్ తగిలించగానే ఆట మొదలైంది. మావ కదల్లేదు. బొమ్మలా నిలబడిపోయాడు. అయిపోయింది, ఇక సిమెంటు కొట్టే అనుకుంది ఝాన్సీ.

అంతలో మావ కుడికాలు లేచింది. ఒకటి. రెండు. పది. ఇరవై! జనం కావాలనే అడ్డదిడ్డంగా చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. డీజేవాడు ఇంకా పెంచాడు. మావ అడుగు ఇసుమంతైనా తప్పలేదు. నలభై రెండో పలక దాటగానే ఝాన్సీ కూడా గెంతడం మొదలుపెట్టింది. డెబ్బైకి మావ నడవడం మానేసి, నడుము వంచి, తప్పెటగుళ్ళ గెంతు అందుకున్నాడు. పంచె గాల్లో, తలపాగా నేల మీద! నవ్వినవాళ్ళే “ఎయ్యి తాతా, ఎయ్యి!” అని గొంతులు చించుకున్నారు. వంద!

“అంత గోలలో దరువు ఎలా పట్టుకున్నారండీ?” అని వెనక నుంచి కోటు విప్పబోతూ అడిగాడు మురళీమోహన్. ఎల్లాజీ తిరిగి చూడలేదు. హెడ్‌సెట్ కింద నుంచి కన్నీళ్ళు కారుతుంటే, కోటుని రెండు చేతులా పట్టుకుని, “తియ్యకండి బాబూ, ఇంకో సుట్టు!” అన్నాడు.

ఉద్యోగం కాగితం ఝాన్సీకి ఇచ్చారు. ఆటగాడి బహుమతిగా, కంపెనీ చేసినవాటిలోకెల్లా ఖరీదైన హెడ్‌ఫోన్లు మావకి ఇచ్చారు.

ఇంటికెళ్ళే బస్సులో మావ ఆ డబ్బా తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. “నువ్వే ఉంచుకోయే.”

ఝాన్సీ ఆయన వైపు తిరిగి, “నీ బహుమతి కదా మావా!” అంది.

“నాకేటి పని వీటితోటి?” అంటూ మావ నవ్వాడు. ఆయన కాళ్ళు బస్సు అడుగు రేకు మీద ఇంకా దరువు వేస్తూనే ఉన్నాయి.

ఏడేళ్ళ కిందట విషజ్వరంలో రెండు చెవుల వినికిడీ పూర్తిగా పోయాక, ఎల్లాజీ దరువుకి కాలు కదపడం ఇదే మొదటిసారి.